క్రేను మీదికి వెళ్లే సీసా

నా వంటకి పేరుంది. చుట్టాలు ఒప్పుకుంటారు, పక్కింటివాళ్లు ఒప్పుకుంటారు, ఎవరూ వినడం లేదనుకున్నప్పుడు మా అత్తయ్య కూడా ఒప్పుకుంటుంది. అలాంటిదాన్ని, నా చేత్తో నేనే చప్పిడి కూర వండి మా ఆయన ముందు పెట్టి, ముద్ద గొంతు దిగేదాకా ఎదురుగా కూర్చుని కాపలా కాశానంటే నా ఖర్మ ఎలా కాలిందో చూడండి.

దీనంతటికీ మూలం ఒక క్రేను.

మా ఆయన పనిచేసేది ఇనుము కరిగించి అచ్చుల్లో పోసే ఫ్యాక్టరీలో. పెళ్లయిన కొత్తలో ఫర్నేసు దగ్గర ఉండేవాడు. ఆ వేడికి ఒంటిమీద చొక్కా తడిసి, ఆరి, మళ్లీ తడిసేది. సాయంత్రం ఇంటికొచ్చి విప్పితే వీపు మీద తెల్లటి ఉప్పు చారలు. ఉతకలేక నా చేతులు పడిపోయేవి. తర్వాత ఫ్యాక్టరీవాళ్లు పరీక్ష పెట్టి, క్రేను నేర్పించి, పైకి పంపారు. షెడ్డు కప్పు కింద పట్టాల మీద అటూ ఇటూ తిరిగే పెద్ద క్రేను అది. దానికి వేలాడే అద్దాల గదిలో కూర్చుని, కరిగిన ఇనుము నిండిన బానను ఫర్నేసు దగ్గర్నుంచి అచ్చుల దాకా తొణక్కుండా తీసుకెళ్లాలి. గదికి ఏసీ కూడా ఉంది. ఆయన్ని చూసి కింద ఉన్న పాత జట్టువాళ్లు ‘గద్ద’ అని పేరు పెట్టారు. మా ఆయనకి ఆ పేరంటే ప్రాణం. నేను పిలిస్తే మాత్రం కోపం.

క్రేను నడిపేవాళ్లకి ఏడాదికోసారి ఒంటి పరీక్ష ఉంటుంది. కళ్లు, చెవులు, గుండె, బీపీ. ఎప్పుడూ ఈల వేసుకుంటూ వెళ్లి ఈల వేసుకుంటూ వచ్చేవాడు. ఈసారి ముఖం వేలాడేసుకుని వచ్చి, బూట్లు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడ్డాడు.

“ఏమైందండీ?”

“బీపీ ఉందట. నూట యాభైకి తొంభై ఆరు.”

“తలనొప్పిగా ఉందా? కళ్లేమైనా తిరుగుతున్నాయా?”

“అదే కదా నా బాధ! గుండ్రాయిలా ఉన్నాను. ఏమీ లేదు.”

మర్నాడు ఆయన వద్దంటున్నా వినకుండా వెంటబడి వెళ్లాను. ఫ్యాక్టరీ గేటు పక్కనే చిన్న వైద్యశాల, అందులో సిస్టర్ ఒకావిడ. మెత్తగా మాట్లాడుతుంది గానీ మొహమాటం లేని మనిషి.

“బీపీ వచ్చి తలుపు కొట్టి చెప్పదమ్మా,” అంది నాతో. “లోపల దాని పని అది చేసుకుపోతుంది. మనం చేయగలిగింది ముందు తిండితో మొదలుపెట్టడం. రోజు మొత్తానికి, అన్నిట్లో కలిపి, ఒక చిన్న చెంచా ఉప్పు దాటకూడదు. కూరలో వేసేదొక్కటే లెక్క కాదు. చిప్స్, బేకరీ సరుకు, సాసులు, ప్యాకెట్ సూపులు, ఉప్పు పట్టించిన చేపలు, అన్నిట్లో ఉంటుంది. కూరగాయలు, పళ్లు, చిక్కుడు గింజల్లాంటివి పెంచు. ఆ పొట్ట కాస్త తగ్గాలి. మందు తాగుతారా?”

“ఎవరైనా రిటైరయితే ఒక గ్లాసు,” అన్నాడు మా ఆయన.

“ఎవరూ రిటైరవకుండా చూసుకోండి. ఇంకో రెండుసార్లు చూస్తాం. మూడోసారికి కూడా తగ్గకపోతే డాక్టరుగారు మాత్రలు మొదలుపెడతారు. అంతా కుదుటపడిందని ఆయన రాసిచ్చేదాకా మీరు క్రేను దిగాలి. మనుషుల నెత్తిమీద కరిగిన ఇనుముతో తిరిగే పని కదా, ఏమనుకోకండి.”

ఏమనుకోకండి అంటే అనుకోకుండా ఉంటాడా? దారి పొడుగునా అదే గోల. “ఒకసారి దించారంటే అయిపోయినట్టే. నా సీటు మీద నలుగురు కన్నేసి ఉన్నారు. నన్ను గోడౌన్లో కూర్చోబెట్టి బోల్టులు లెక్కపెట్టిస్తారు.”

ఆయన భయం క్రేను. నా భయం వేరు. మా బావగారు, అంటే మా ఆయనకి సొంత అన్న, ఒక పొద్దున గెడ్డం గీసుకుంటూ అద్దం ముందే పడిపోయారు. ఆయనకీ ఏ నొప్పీ ఉండేది కాదు, ఆయనా గుండ్రాయిలానే ఉండేవారు. ఇప్పుడు ఎడమ చెయ్యి లేవదు. మాట ముద్దముద్దగా వస్తుంది, అది తోడికోడలికి తప్ప ఎవరికీ అర్థం కాదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆ విషయం ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోతే మాత్రం మర్చిపోతామా? మా ఆయన పొద్దున స్నానాల గదిలో కాస్త ఆలస్యం చేస్తే చాలు, ఏదో ఒక వంకతో తలుపు కొట్టేదాన్ని.

అలా మా ఇంట్లో చప్పిడి తిండి మొదలైంది. నేను ఏదైనా మొదలుపెడితే సగంలో ఆపే రకం కాదు. సాసు సీసాలు, ప్యాకెట్ సూపులు, వేయించిన పప్పుల డబ్బాలు, అన్నీ ఎత్తి పక్కింటావిడకి ఇచ్చేశాను. ఆవిడ మా ఆయన ఆరోగ్యం గురించి చాలా జాలిపడి అన్నీ తీసుకుంది. కూరలో ఉప్పు బదులు నిమ్మరసం, వెల్లుల్లి, మిరియాలు. రొట్టె ఇంట్లోనే కాల్చాను. పొద్దున పండు, సాయంత్రం పండు, మధ్యాహ్నం డబ్బాలో ఉడికించిన కూరగాయలు.

మొదటి రోజు మా ఆయన ఒక ముద్ద తిని నా వంక చూశాడు.

“ఇందులో ఏదో మర్చిపోయావు.”

“మర్చిపోలేదు.”

“పోనీ గుర్తున్నంతవరకు వెయ్యొచ్చు కదే.”

అయినా తిన్నాడు. ఆ మాట చెప్పుకోవాలి. గొణుక్కుంటూ తిన్నాడు, నిట్టూరుస్తూ తిన్నాడు, కానీ వదలకుండా తిన్నాడు. సాయంత్రాలు నాతో పాటు నడిచాడు. ప్యాంటు వదులైంది.

మా అత్తయ్య సంగతి మాత్రం తేడాగా ఉంది. ఎనభైకి దగ్గరపడిన మనిషి, చప్పిడి కూర కిమ్మనకుండా తినేస్తోంది. నాకు అనుమానం వచ్చింది. దుప్పటి మారుస్తుంటే తలగడ కింద చిన్న డబ్బా దొరికింది, నిండా ఉప్పు! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“అత్తయ్యా, ఏంటిది? కొడుక్కి దొంగచాటుగా పెడుతున్నారా?”

ఆవిడ ఒంటికాలి మీద లేచింది. “నా కొడుక్కి నేనెందుకు పెడతాను అమ్మాయ్? ఒకడు మంచాన పడింది చూసి కూడానా? అది నాది. నా పళ్లెంలో నేను చిటికెడు వేసుకుంటున్నాను. నా బీపీ బంగారంలా ఉందని మొన్ననే డాక్టరు చెప్పాడు.”

డబ్బా ఆవిడ చేతిలోనే పెట్టి వచ్చేశాను. అత్తయ్య ఆ సంగతి నోటితో ఎత్తడం అదే మొదటిసారి.

రెండో పరీక్ష రోజు వచ్చింది. ఈసారి ఖాయంగా తగ్గి ఉంటుందని నాకు ధీమా. మా ఆయన కూడా చొక్కా ఇస్త్రీ చేసుకుని వెళ్లాడు, అక్కడికేదో బహుమతి ఇస్తారన్నట్టు. సిస్టర్ పట్టీ కట్టింది, గాలి కొట్టింది, వదిలింది. మళ్లీ కట్టింది.

“నూట నలభై ఎనిమిదికి తొంభై నాలుగు. బరువు తగ్గారు, బాగుంది. కానీ ఇది కదలడం లేదేం? బయట ఏమైనా తింటున్నారా?”

“ఒట్టు సిస్టర్. ఈవిడ పెట్టింది తప్ప పచ్చి మంచినీళ్లు...” అంటూ నా వైపు చూశాడు. నేను ముఖం తిప్పేసుకున్నాను.

ఇంటికొచ్చాక మొదలైంది అసలు యుద్ధం. నేను అన్నేసి రకాలుగా వండి, నోరు కట్టేసుకుని, పక్కింటావిడకి సాసులు దానం చేసి, అత్తయ్యతో మాట పడితే, ఈయన ఎక్కడో చాటుగా చిప్స్ నములుతున్నాడన్నమాట! అదే అడిగేశాను.

“నేను తినలేదే బాబూ!”

“అయితే బీపీకి నా మీద కక్షా?”

“ఏమో, ఉందేమో! నీ కూర తిని దానికీ ఒళ్లు మండి ఉంటుంది!”

ఆ మాటతో ఇద్దరం అలిగి చెరో గదిలో కూర్చున్నాం. కానీ ఆయన కోపంలో ఒక బెంగ ఉంది. వాకిట్లో కూర్చుని తన చేతులు తను చూసుకుంటున్నాడు, ఎడమ చెయ్యి గుప్పిట ముడుస్తూ, తెరుస్తూ. అప్పుడే నిశ్చయించుకున్నాను, ఈ దొంగను నేనే పట్టుకోవాలని.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళకి ఫ్యాక్టరీ గేటు దగ్గర వాలాను. గేటుకి ఎదురుగా టీ కొట్టు. కొట్టు నడిపే పిన్ని నన్ను ఎరుగును. ముందు వరసలోనే చిప్స్ ప్యాకెట్లు, ఉప్పు బిస్కెట్లు, వేయించిన గింజలు తోరణాల్లా వేలాడుతున్నాయి. దొంగ దొరికాడనుకున్నాను.

“పిన్నీ, మా ఆయన రోజూ ఇక్కడ ఏం కొంటాడు? దాచకుండా చెప్పు.”

“మీ ఆయనా?” పిన్ని నవ్వింది. “ఒకప్పుడు నా ప్యాకెట్లు సగం ఆయనే ఖాళీ చేసేవాడు. ఇప్పుడు అరటిపండు కొంటాడు. ఈ దండల వంక ఒకసారి చూసి, ఒక నిట్టూర్పు విడిచి పోతాడు. చూసి నాకే జాలేసి ఒకరోజు ఊరికే ఇస్తానన్నాను, వద్దు పిన్నీ, మా ఆవిడకి మాటిచ్చాను అన్నాడు.”

నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కట్టుకున్న మనిషిని నడిరోడ్డు మీద నిలబడి దొంగలా విచారిస్తున్నాను, ఆయనేమో మాట మీద నిలబడి అరటిపండు తింటున్నాడు. సిగ్గూ, ఎండా కలిసి నాకు కళ్లు తిరిగాయి. కొట్టు బల్ల మీద కూర్చుండిపోయాను.

సరిగ్గా అప్పుడే గేటులోంచి పెద్ద మేస్త్రి వచ్చాడు. ఫర్నేసు జట్టుకి పెద్ద ఆయన. మా ఆయనకి పని నేర్పింది ఆయనే. ముఖం ఎర్రగా కాలి, చొక్కా ఒంటికి అంటుకుపోయి ఉన్నాడు.

“ఏంటి చెల్లెమ్మా, ఈ ఎండలో? అదేంటి, ముఖం అలా పాలిపోయింది? ముందు ఇది తాగు.”

చేతిలో ఉన్న సీసా మూత తీసి ఇచ్చాడు. నేను గటగటా రెండు గుక్కలు వేసి, మూడోది ఉమ్మేశాను.

“ఉప్పు!”

“మరి ఫర్నేసు నీళ్లంటే అంతే కదా,” అన్నాడు మేస్త్రి గర్వంగా. “పెద్ద క్యానులో నీళ్లు, నిమ్మకాయలు, నా చేత్తో మూడు గుప్పిళ్ల ఉప్పు. మా గురువుగారి నాటి నుంచీ ఇదే కొలత. చెమటకి పోయిన సత్తువ దీంతోనే తిరిగొస్తుంది.”

నాకు ఒంట్లో నీరసం ఎగిరిపోయింది.

“అన్నయ్యా, ఈ నీళ్లు మా ఆయన కూడా తాగుతాడా?”

“భలేదానివే! వాడు తాగకపోవడమేంటి? పొద్దున క్యాను కలపగానే మొదటి సీసా గద్దకే. తాడు కిందికి వదుల్తాడు, మేం కట్టి పంపుతాం. భోజనానికి ముందొకటి, తర్వాతొకటి. పైకెక్కినంత మాత్రాన మావాడు కాకుండా పోతాడా? ఎక్కిన రోజే వాడితో చెప్పాను, ఒరేయ్, ఎంత పైన కూర్చున్నా నీ నీళ్లు కిందినుంచే వస్తాయని.”

ఆయన ముఖంలో అంత ప్రేమ కనిపిస్తుంటే ఏం చెప్పను? ఇది మా ఆయన చెప్పాల్సిన మాట అనిపించింది. నాలుక కొరుక్కుని, ఆయనకి దండం పెట్టి ఇంటికి బయల్దేరాను. దారిలో నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ వచ్చాయి. ఇంట్లో నేను చిటికెలు లెక్కపెడుతుంటే, అక్కడ గుప్పిళ్లతో పోస్తున్నారు.

సాయంత్రం ఆయన గుమ్మంలో అడుగు పెట్టగానే గ్లాసుడు నీళ్లలో ఉప్పు కలిపి చేతిలో పెట్టాను. మామూలుగా తాగేసి గ్లాసు తిరిగిచ్చాడు.

“ఎలా ఉన్నాయి?”

“నీళ్లెలా ఉంటాయే? నీళ్లలానే ఉన్నాయి. ఇవాళ కాస్త బాగున్నాయి కూడా.”

అప్పుడు చెప్పాను అంతా. ఆయన ఖాళీ గ్లాసు మళ్లీ లాక్కుని, అడుగున మిగిలిన చుక్క నాలుక మీద వేసుకుని చూశాడు. అబద్ధం ఒక్కటీ ఆడలేదు పాపం. ఏం తింటున్నావని సిస్టర్ అడిగింది, తిన్నవన్నీ చెప్పాడు. మందు తాగుతావా అని అడిగింది, చెప్పాడు. మంచినీళ్ల సంగతి ఎవరడుగుతారు? ఫర్నేసు దగ్గరున్నన్నాళ్లూ ఆ ఉప్పు వచ్చింది వచ్చినట్టు చెమటలో పోయేది. చొక్కా వీపు మీద నేను ఉతికిన చారలు అవే. ఇప్పుడు ఏసీ గదిలో చెమట చుక్క లేకుండా కూర్చుని అవే నీళ్లు తాగుతున్నాడు. ఉతికిన చొక్కాల మీద చారలు లేకపోవడం నేనూ చూశాను, పని తగ్గిందని సంబరపడ్డానే గానీ ఒక్క ముక్క ఆలోచించలేదు.

పొద్దున్నే ఇద్దరం వెళ్లి సిస్టర్‌కి చెప్పాం. ఆవిడ రెండు చేతులతో తల పట్టుకుంది. “రోజుకి ఎన్ని సీసాలు?”

“మూడు. ఎండలు ముదిరితే నాలుగు.”

“ఏసీ గదిలో ఎండలు ముదరడమేంటండీ!” అని గట్టిగా అనేసి, తర్వాత నెమ్మదించింది. “ఇదే కారణమని నేను ఒట్టేసి చెప్పలేను. ఉప్పు తగ్గించినా కొందరికి బీపీ తగ్గదు, అది వంశంలో ఉంటుంది. ముందు ఆ నీళ్లు ఆపండి. మామూలు నీళ్లు తాగండి. మూడో పరీక్షకి ఇంకా కొన్ని వారాలున్నాయి కదా, చూద్దాం.”

ఇంత సులువైన పని, ఇక ఆపేస్తాడనుకున్నాను. ఆపలేదు.

“ఎలా ఆపనే?” అన్నాడు సాయంత్రం. “వాళ్ల నీళ్లు వద్దంటే వాళ్లని వద్దన్నట్టే. ఇంతకు ముందు క్రేనుకి వెళ్లినవాడు ఏసీ గదిలో కూర్చున్న వారానికే నాకు మీ కంపు నీళ్లొద్దన్నాడు. ఇప్పటికీ వాడి పేరెత్తితే మావాళ్లు ఉమ్మేస్తారు. నేను అలాంటివాణ్ణి కాదని అందరి ముందూ చెప్పాను.”

“సరే అయితే. వాళ్ల మర్యాద కోసం మా బావగారి పక్క మంచం మీద పడుకోండి. ఇద్దరికీ కలిపి నేనూ అక్కా వంతులవారీగా తినిపిస్తాం.”

అనేశాను. అనకూడని మాటే. కానీ అనకపోతే నా గుండె పగిలిపోయేలా ఉంది. చివరికి, “తాగనులే,” అన్నాడు. “వాళ్లకి చెప్పను, ఊరికే తాగనంతే.”

ఆ తెలివి ఒక్కరోజు నిలిచింది. జరిగింది ఆయనే వచ్చి చెప్పాడు. మామూలుగా తాడు వదిలాడు, సీసా పైకి లాక్కున్నాడు, పక్కన పెట్టుకుని ఇంటినుంచి తీసుకెళ్లిన నీళ్లు తాగాడు. రెండో సీసా వచ్చింది, మూడోదీ వచ్చింది. మరి వీటినేం చెయ్యాలి? ఇంకెక్కడైనా అయితే కిటికీలోంచి పారబోయొచ్చు. అక్కడ క్రేను మీంచి చుక్క నీళ్లు కూడా కింద పడకూడదు. కరిగిన ఇనుము మీద నీళ్లు పడితే బాంబులా పేలుతుంది. పోనీ సంచీలో దాచుకుని దిగుదామంటే నిచ్చెన సన్నగా ఉంది, రెండు చేతులూ కావాలి. సంచీ నడుముకి కట్టుకుని, మూడు నిండు సీసాలు గలగలమంటూ, నిండు గర్భిణిలా నిచ్చెన దిగుతుంటే కింద పెద్ద మేస్త్రి చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడట.

“ఏంట్రా గద్దా ఆ బరువు?”

మా ఆయన నీళ్లు నమిలాడు. మేస్త్రి సంచీలో చెయ్యి పెట్టి సీసాలు ఒక్కొక్కటే బయటికి తీశాడు. జట్టంతా చుట్టూ చేరింది.

“మూడూ అలానే ఉన్నాయి. పైకెక్కి ఇన్నాళ్లయ్యాక మా నీళ్లు చేదయ్యాయా?”

ఎగతాళిగా అనలేదట, అదే తట్టుకోలేకపోయానన్నాడు మా ఆయన. నిజంగానే నొచ్చుకుని అడిగాడు. ఇక దాచలేక మా ఆయన అందరి ముందూ కక్కేశాడు. రెండు పరీక్షలు, చప్పిడి కూరలు, మూడోసారికి తగ్గకపోతే దించేస్తారన్న సంగతి, ఆఖరికి అన్న మంచాన పడిన సంగతి కూడా.

మేస్త్రి చాలాసేపు ఆ సీసాల వంకే చూశాడు. “మా చేత్తో మేమే పంపామన్నమాట,” అన్నాడు. మూడు సీసాలూ చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ రాత్రి మా ఆయనకి తిండి సయించలేదు. క్రేను పోతుందో లేదో గానీ మనుషులు పోయారన్నాడు. నేను ఆయన వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను.

మర్నాడు సాయంత్రం వీధి మొదట్లోంచే ఈల వినిపించింది. పొద్దున ఆయన తాడు వదలాలా వద్దా అని తటపటాయిస్తుంటే, కిందినుంచి మేస్త్రి కేక పెట్టాడట. “తాడు వదలరా గద్దా, మా చేతులు లాగేస్తున్నాయి!” వదిలాడు. సీసా వచ్చింది. గుండె చిక్కబట్టుకుని ఒక గుక్క వేశాడు. ఉత్త మంచినీళ్లు. మేస్త్రి ఇంటినుంచి వేరే క్యాను తెచ్చి, గద్దది అని సుద్దతో రాసి, ఇందులో ఎవడైనా ఉప్పు వేస్తే వాడిని ఫర్నేసులో వేస్తానని జట్టుకి చెప్పాడట. ఆ రోజు నుంచి మూడు సీసాలూ ఎప్పటిలానే ఎక్కాయి, ఖాళీగా దిగాయి.

మూడో పరీక్ష పొద్దున నేను లేచేసరికే మా ఆయన లేచి కూర్చున్నాడు. చొక్కా ఇస్త్రీ చెయ్యలేదు. “ఈసారి బహుమతి ఏం అక్కర్లేదు, ఉన్నది ఉంచితే చాలు,” అన్నాడు. నవ్వుదామనుకున్నాను, నవ్వు రాలేదు.

వైద్యశాల దగ్గరికి వెళ్లేసరికి గుమ్మం పక్కన పెద్ద మేస్త్రి నిలబడి ఉన్నాడు, పని వదిలేసి. “ఊరికే, ఇటు వచ్చాను,” అన్నాడు. ఫర్నేసు వదిలి ఊరికే వచ్చేవాడు కాదని ముగ్గురికీ తెలుసు.

సిస్టర్ మా ఆయన్ని కుర్చీలో వెనక్కి ఆనుకోమంది. కాళ్లు నేలమీద ఆనించమంది. మాట్లాడొద్దంది. కొంతసేపు అలానే కూర్చోబెట్టింది. ఆ గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. పట్టీ కట్టింది. గాలి కొడుతుంటే మా ఆయన కళ్లు మూసుకున్నాడు. నేను గాలి పీల్చడం మానేశాను. మేస్త్రి గుమ్మంలోంచి తల లోపలికి పెట్టి, సిస్టర్ ముఖాన్నే చూస్తున్నాడు. ఆవిడ ముఖంలో ఏమీ తెలియనివ్వదు, గట్టి మనిషి. పట్టీ వదులు చేసింది, కాసేపాగి మళ్లీ కట్టింది.

“నూట ఇరవై ఎనిమిదికి ఎనభై రెండు,” అంది. “మొదటిసారి నూట ముప్పై వచ్చింది, అందుకే మళ్లీ చూశాను. బాగుంది.”

“ఎవరిది?” అన్నాడు మా ఆయన.

“పట్టీ మీ చేతికే కదండీ కట్టింది!”

“ఇంకోసారి చూడండి సిస్టర్.”

“మూడోసారి చూస్తే నాకు పెరుగుతుంది. వెళ్లి క్రేను ఎక్కండి. ఈ తిండి మాత్రం ఇలాగే సాగాలి, అప్పుడప్పుడూ వచ్చి చూపించుకోవాలి. తగ్గింది కదాని మళ్లీ మొదటికి రావద్దు.”

మా ఆయన లేవలేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నేల వంక చూస్తూ నవ్వుతున్నాడు. మేస్త్రి లోపలికి వచ్చి ఆయన వీపు మీద ఒక్కటి చరిచాడు, ఆ దెబ్బకి బీపీ మళ్లీ పెరిగి ఉంటుంది. సిస్టర్ మేస్త్రిని వదల్లేదు. “మీరు కూడా కూర్చోండి. ఎప్పుడు చూపించుకున్నారు?” ఫర్నేసు వాళ్లకి ఈ పరీక్ష లేదు కాబట్టి ఎప్పుడూ చూపించుకోలేదన్నాడు. కట్టి చూస్తే ఆయనది కొంచెం ఎక్కువే ఉంది. రేపు మళ్లీ రమ్మంది, జట్టునంతా ఒక్కొక్కరినీ పంపమంది, ఫర్నేసు దగ్గర నిజంగా ఎంత ఉప్పు కావాలో డాక్టరుతో మాట్లాడి కొలత చెప్తానంది. మేస్త్రి గతుక్కుమన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, “చెల్లెమ్మా, ఆ నిమ్మకాయ కూర ఎలా చేస్తావో మీ వదినకి చెప్పాలి,” అన్నాడు.

ఆ రోజు మా ఆయన షిఫ్టు మధ్యాహ్నం నుంచి. ఇంటికి వెళ్లి రావడానికి బస్టాపులో నిలబడ్డాం. ఆయన అత్తయ్యకి ఫోన్ చేసి చెప్పాడు. ఆవిడ, “చొక్కా మార్చుకుని మీ అన్నయ్యకి కూడా చెప్పి రా,” అని మాత్రం అంది. ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని, ఈల అందుకుని, క్రేను కబుర్లు మొదలుపెట్టాడు. ఎవరు ఎంత ఏడుస్తారో, తన సీటు మీద కన్నేసిన నలుగురి ముఖాలు ఎలా మాడతాయో.

నేను వింటూనే ఉన్నాను. ఎప్పుడు మొదలైందో తెలియదు, కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి. తుడిచే కొద్దీ వస్తున్నాయి. పక్కన నిలబడ్డవాళ్లు చూస్తున్నారు. నాకు సిగ్గెయ్యలేదు.

మా ఆయన ఈల ఆపేశాడు. “అదేంటే, పాసయ్యాను కదా. ఇప్పుడెందుకు ఏడుస్తున్నావు?”

“ఇన్నాళ్లూ ఏడవడానికి తీరికెక్కడిదండీ?”

ఆయన క్రేను ఊసు మళ్లీ ఎత్తలేదు. నా చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టి, పక్కనే కూర్చున్నాడు. మా బస్సు వచ్చింది, తలుపు తీసింది, కండక్టరు మా వంక చూశాడు. మా ఆయన పొమ్మని చెయ్యి ఊపాడు.

“ఏడువు,” అన్నాడు. “ఇంకో బస్సు వస్తుందిలే.”